కేకు కోసిన పాపకీ ఓ ముక్క!

కొవ్వొత్తులు ఏడు. పాప ఒక్క ఊపిరిలో అన్నీ ఊదేసింది. చప్పట్లు మోగాయి. మొదటి ముక్క అమ్మకి, రెండోది నాన్నకి, మూడోది నాన్న చంకలో ఉన్న తమ్ముడికి తినిపించింది. పక్కింటి ఆంటీ ముచ్చటపడి కాస్త కేకు తుంచి పాప నోటి దగ్గర పెట్టబోయింది. 'వద్దమ్మా, దానికి పెట్టకు... షుగరు!' అంటూ నాయనమ్మ గాభరాగా అడ్డుపడింది. ఆంటీ చెయ్యి వెనక్కి తీసుకుంది. పాప కోసం అప్పటికే ఓ గిన్నెలో యాపిల్ కోసి ఉంచారు. అందరూ కేకు తింటుంటే పుట్టినరోజు పిల్ల మాత్రం యాపిల్ ముక్కలు తింది.

ఏడాది తిరిగింది. 'వచ్చేవారం నీ పుట్టినరోజు కదా, ఏ రంగు గౌను కొందాం?' అని అమ్మ అడిగితే పాప తల ఎత్తకుండానే చెప్పింది... 'నాకు బర్త్‌డే వద్దమ్మా. తమ్ముడికి చేయండి.'

ఈ ఇల్లు విజయవాడలో ఉండొచ్చు, వరంగల్లో ఉండొచ్చు, డల్లాస్‌లోనూ ఉండొచ్చు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలున్న చాలా ఇళ్లలో ఏడాదికోసారి వచ్చే సమస్యే ఇది. కేకు పెడితే ఒంట్లో చక్కెర పెరుగుతుందని భయం. పెట్టకపోతే పిల్ల మనసు చిన్నబుచ్చుకుంటుందని బాధ. ఈ రెంటి మధ్యా నలిగిపోయేది అమ్మే.

నిజానికి ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన పనేలేదు. ఆ పాప కేకు తినొచ్చు. అందరూ తినే కేకే తినొచ్చు. కాకపోతే అందులో ఏముందో, ఎంతుందో ఇంట్లోవాళ్లకి తెలిసి ఉండాలి. అలా తెలియాలంటే కేకు ఇంట్లోనే చేసుకోవడం అన్నిటికన్నా తేలికైన దారి.

స్వీట్లు తిన్నందుకు రాలేదు

ముందుగా ఓ అపోహ తొలగించుకోవాలి. మధుమేహం అనగానే మనకి గుర్తొచ్చేది తాతగారి షుగరు, మామయ్యగారి షుగరు. అది టైప్ 2. పెద్దయ్యాక, బరువు, వంశం, కదలిక లేని జీవితం... ఇలాంటి కారణాలతో వచ్చేది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 దారే వేరు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద దాడి చేసి వాటిని నాశనం చేస్తుంది. ఇన్సులిన్ లేకపోతే రక్తంలోని చక్కెర కణాల్లోకి వెళ్లలేదు. ఒంటికి శక్తి అందదు. బిడ్డ ఎంత తిన్నా చిక్కిపోతుంది. దాహం దాహం అంటుంది. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెడుతుంది. సమయానికి గుర్తించకపోతే వాంతులు, ఆయాసం, మగతతో ఆసుపత్రి పాలవుతుంది.

చాక్లెట్లు ఎక్కువ తిన్నందుకు ఇది రాదు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు మామిడిపళ్లు తిన్నందుకూ రాదు. 'మా వంశంలో ఎవరికీ లేదే' అని నాయనమ్మలు వాపోతుంటారు. టైప్ 1 వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. కాబట్టి తప్పు ఎవరిదని వెతుక్కోవడం దండగ. ఇన్సులిన్ ఒక్కటే మందు. దాన్ని మానేసి పసర్లూ చూర్ణాలూ నమ్ముకుంటే ప్రాణానికే ముప్పు.

ఇన్సులిన్ బయటి నుంచి ఇస్తున్నాం కాబట్టి, తిన్నదానికీ ఇచ్చిన ఇన్సులిన్‌కీ పొత్తు కుదరాలి. ఈ బిడ్డ భోజనం విషయంలో అసలు కిటుకంతా ఇదే. ఏం తినకూడదన్నది కాదు ప్రశ్న. తిన్నదానికి తగ్గట్టు ఇన్సులిన్ అందిందా లేదా అన్నదే.

అట్టపెట్టె కేకు

'తినకూడదు' అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? దానికి వందేళ్ల చరిత్ర ఉంది. ఇన్సులిన్ లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని నెలల్లో, మహా అయితే రెండు మూడేళ్లలో చనిపోయేవారు. బతికున్నన్నాళ్లూ బతికించడానికి డాక్టర్ల దగ్గర ఒక్కటే మార్గం... కడుపు మాడ్చడం. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే వైద్యుడు ఈ పద్ధతికి పేరుపడ్డాడు. ప్రతి మెతుకూ తూచి పెట్టేవారు.

ఆయన దగ్గర వైద్యం పొందిన పిల్లల్లో ఎలిజబెత్ హ్యూస్ ఒకరు. అప్పట్లో అమెరికా విదేశాంగ మంత్రిగా పనిచేసిన చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ కూతురు. 1919లో ఆమెకి జబ్బు బయటపడింది. అప్పుడు పదకొండేళ్లు. డబ్బుకి కొదవలేని ఇల్లే. అయినా పుట్టినరోజు వస్తే ఆ పిల్ల ముందు పెట్టిన కేకు ఏమిటో తెలుసా? టోపీలు భద్రపరిచే ఓ అట్టపెట్టె. దానికి గులాబీ, తెలుపు రంగు కాగితాలు చుట్టి, పైన కొవ్వొత్తులు నిలబెట్టేవారు. ఊదడానికి కొవ్వొత్తులున్నాయి. తినడానికి మాత్రం ఏమీ లేదు.

1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఇన్సులిన్‌ని వెలికితీశారు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి తొలి ఇంజెక్షన్ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో ఎలిజబెత్‌ని టొరంటో తీసుకెళ్లారు. అప్పటికి ఆమె బరువు 20 కిలోలు. పదిహేనో పుట్టినరోజుకి కొద్దిరోజుల ముందు బాంటింగ్ ఆమెకి ఇన్సులిన్ మొదలుపెట్టాడు. కొన్ని వారాల్లోనే ఆ అమ్మాయి బ్రెడ్డూ, బంగాళాదుంపలూ తినగలిగింది. చదువుకుంది, పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది. 73 ఏళ్లు బతికి 1981లో కన్నుమూసింది.

బాంటింగ్ పుట్టింది 1891 నవంబరు 14న. అందుకే ఆ రోజుని ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతారు. మనకేమో అదే రోజు నెహ్రూ పుట్టినరోజు, బాలల దినోత్సవం. కాకతాళీయమే అయినా, టైప్ 1 పిల్లలకి అంతకన్నా తగిన రోజు ఇంకోటి దొరకదు.

ఇన్సులిన్ వచ్చి వందేళ్లు దాటింది. అయినా మన ఇళ్లలో ఇంకా ఆ అట్టపెట్టె పద్ధతే నడుస్తోంది. పాప కొవ్వొత్తులు ఊదాలి, కేకు కోయాలి, తినిపించాలి. తను మాత్రం తినకూడదు!

యాపిల్‌కి లెక్క లేదా?

మళ్లీ ఆ ఏడో పుట్టినరోజు రాత్రికే వద్దాం. కేకు ముట్టని పాప షుగరు భోజనానికి ముందు చూస్తే 280. 'కేకు పెట్టనేలేదు కదా, ఎలా పెరిగింది?' అని ఇంట్లో అందరూ తలలు పట్టుకున్నారు. జవాబు యాపిల్ గిన్నెలో ఉంది. మాదిరి సైజు యాపిల్‌లో సుమారు 20 గ్రాముల పిండిపదార్థాలుంటాయి. పండు కదా, మంచిదే కదా అని దానికి ఇన్సులిన్ లెక్కలోకి తీసుకోలేదు.

రక్తంలో చక్కెరని ప్రధానంగా పెంచేవి పిండిపదార్థాలు. అవి పంచదారలోనే కాదు... అన్నంలో, రొట్టెలో, బంగాళాదుంపలో, పండులో, పాలల్లో కూడా ఉంటాయి. 150 గ్రాముల అన్నంలో 40 గ్రాములకి పైనే. 25 గ్రాముల పిండితో చేసిన పుల్కాలో 17 గ్రాముల దాకా. 200 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 20 గ్రాములకి పైగా. అంటే ఈ లెక్క ముందు పుల్కా అయినా, యాపిల్ అయినా, కేకు ముక్క అయినా ఒకటే బడిలో చదివే పిల్లలు. తేడా ఏమిటంటే పుల్కాకి మనం లెక్క చూస్తాం, కేకుకి భయపడతాం, యాపిల్‌ని వదిలేస్తాం.

మరి షాపులో 'షుగర్‌ఫ్రీ కేకు' అమ్ముతున్నారు కదా, అది కొనేస్తే పోదా? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పంచదార లేదంటే పిండిపదార్థాలు లేవని కాదు. మైదా ఉంది, పాలున్నాయి. తీపి కోసం మాల్టిటాల్ లాంటివి వేస్తే అవి కూడా కొంత చక్కెర పెంచుతాయి. ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు అదనం. పైగా లోపల ఎంతుందో డబ్బా మీద లేకపోతే లెక్కకట్టే దారే ఉండదు. 'షుగర్‌ఫ్రీయే కదా' అని రెండు ముక్కలు లాగించేస్తే రాత్రికి మీటరు సంగతి చెబుతుంది.

బెల్లం, తేనె, తాటిబెల్లం వేస్తే ఫర్వాలేదన్నది ఇంకో నమ్మకం. పేర్లు వేరు, రుచులు వేరు. ఒంట్లోకి వెళ్లాక చేసే పని మాత్రం పంచదారదే. లెక్కలో వాటికి మినహాయింపు లేదు.

కృత్రిమ తీపి పదార్థాలు వాడొచ్చా అంటే కొన్ని వాడొచ్చు. అయితే ఆస్పర్టేమ్ ఎక్కువ వేడికి తీపిని కోల్పోతుంది. సుక్రలోజ్, స్టీవియా వేడికి తట్టుకుంటాయి. కాకపోతే కేకులో పంచదార పని తీపి ఒక్కటే కాదు. వెన్నతో కలిపి గిలక్కొట్టినప్పుడు గాలిని పట్టి ఉంచేది, కేకు మెత్తగా తేమగా ఉండేలా చేసేది, పైన ఆ బంగారు రంగు తెచ్చేది కూడా అదే. మొత్తం తీసేస్తే కేకు పొంగదు, రొట్టెముక్కలా ఎండిపోతుంది. తమ్ముడు ఓ ముద్ద తిని ఊసేస్తాడు. అప్పుడు అది మళ్లీ 'పాప కేకు'గా మిగిలిపోతుంది. అందుకే మేలైన దారి... పంచదార పూర్తిగా మానేయడం కాదు, తగ్గించడం. మైదా బదులు గోధుమపిండి, అందులోనూ సగం బాదం పొడి. ముక్క చిన్నది. కేకు మాత్రం అందరికీ ఒక్కటే.

ఇంట్లో కేకు ఇలా...

ముందు కావాల్సింది వంటింటి త్రాసు. గ్లాసులు, గరిటెల కొలత ఇక్కడ పనికిరాదు. ఒకే గ్లాసులో పిండి వదులుగా పోస్తే ఒక బరువు, కుదించి పోస్తే ఇంకో బరువు. గ్రాముల్లో తూచుకోవాలి.

కేకుకి: గోధుమపిండి 100 గ్రాములు, బాదం పొడి 100 గ్రాములు, పంచదార పొడి 80 గ్రాములు, ఉప్పులేని వెన్న 80 గ్రాములు, తాజా పెరుగు 100 గ్రాములు, కోడిగుడ్లు మూడు, బేకింగ్ పౌడరు చెంచాన్నర, వెనిలా ఎసెన్స్ చెంచా, చిటికెడు ఉప్పు.

పైపూతకి: అరకిలో పెరుగు, పంచదార పొడి 10 గ్రాములు, దానిమ్మ గింజలు 50 గ్రాములు.

పైపూత పెరుగుని ముందురోజు రాత్రే పల్చటి బట్టలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో వేలాడదీయాలి. నీరంతా కారిపోయి తెల్లారేసరికి వెన్నముద్దలా తయారవుతుంది.

బాదంపప్పు పొడి చేసేటప్పుడు మిక్సీని ఒక్కసారే తిప్పకుండా ఆపి ఆపి తిప్పాలి. లేకపోతే నూనె వదిలి ముద్దవుతుంది. గోధుమపిండి, బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి, బాదం పొడి కలిపి పక్కన పెట్టుకోవాలి. వెన్న మెత్తబడ్డాక పంచదార పొడి వేసి తెల్లగా నురగలా వచ్చేదాకా గిలక్కొట్టాలి. గుడ్లు ఒక్కొక్కటే వేస్తూ కలపాలి. మధ్యలో విరిగినట్టు కనిపిస్తే ఓ చెంచా పిండి వేస్తే సర్దుకుంటుంది. తరువాత పెరుగు, ఎసెన్స్. చివర్లో పిండి మిశ్రమాన్ని మూడు విడతలుగా వేసి గరిటెతో నెమ్మదిగా కలపాలి. ఇక్కడ ఎక్కువ తిప్పితే కేకు గట్టిపడుతుంది.

ఏడంగుళాల గిన్నెకి వెన్న రాసి, అడుగున బటర్ పేపరు పరిచి మిశ్రమం పోయాలి. ముందే వేడెక్కించిన ఒవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ఒవెన్ లేకపోయినా దిగుల్లేదు. మందపాటి కుక్కరులో ఉప్పు పరిచి, చిన్న స్టాండు పెట్టి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయాలి. అందులో గిన్నె ఉంచి సన్నటి సెగ మీద 45 నిమిషాల దాకా ఉడకనివ్వాలి. సన్నటి పుల్ల గుచ్చితే పొడిగా బయటికి రావాలి. పూర్తిగా చల్లారాకే పెరుగు పూత పూయాలి. తొందరపడితే పూత కరిగి జారిపోతుంది. పైన దానిమ్మ గింజలతో పాప పేరు రాసుకోవచ్చు.

మొత్తం 195, ముక్కకి 16

ఇప్పుడు లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. 528 రకాల ఆహారాల వివరాలు అందులో ఉన్నాయి. అలాంటి పట్టికలూ, ప్యాకెట్ల మీది వివరాలూ చూస్తే ఎవరైనా ఈ లెక్క వేయొచ్చు.

గోధుమపిండి 100 గ్రాముల్లో పిండిపదార్థాలు 65 నుంచి 70 గ్రాములు. 70 అనే వేసుకుందాం. పంచదార 80కి 80. బాదం పొడిలో పీచు పోగా 10. కేకులోని పెరుగులో 5. బేకింగ్ పౌడరు, గుడ్లు కలిపి మహా అయితే 2 లేదా 3. వెన్నలో లేనట్టే. పైపూత పెరుగులో సుమారు 10, దాన్లో కలిపిన పంచదారవి 10, దానిమ్మవి 7 లేదా 8. అన్నీ కలిపితే సుమారు 195 గ్రాములు.

కేకుని ముందు నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మూడుగా కోస్తే సమానంగా పన్నెండు ముక్కలొస్తాయి. ముక్కకి 16 గ్రాములు. అంటే ఇంచుమించు ఒక పుల్కా! అదే 200 గ్రాముల మైదా, 200 గ్రాముల పంచదారతో మామూలుగా చేస్తే మొత్తం 350 గ్రాములు. పన్నెండో వంతు ముక్కకి 29. దానిమీద ఐసింగ్ పంచదార వేరే.

మీరు ఏ పదార్థం మార్చినా లెక్క మారుతుందని మరిచిపోవద్దు. బాదం పొడి తగ్గించి గోధుమపిండి పెంచితే ముక్కలోని పిండిపదార్థాలూ పెరుగుతాయి. ఇంట్లో బాదం, గుడ్డు పడనివాళ్లుంటే కొలతలు మార్చి మళ్లీ కూడుకోవాలి. కూడిక వస్తే చాలు, ఏ కేకుకైనా లెక్క దొరుకుతుంది.

సూది ఎప్పుడు? ఎంత?

ఇది డాక్టరు చెప్పాల్సిన మాట. ఎన్ని గ్రాముల పిండిపదార్థాలకి ఒక యూనిట్ అన్నది బిడ్డ బిడ్డకీ మారుతుంది. ఒకే బిడ్డకి పొద్దున ఒకలా, రాత్రి ఒకలా ఉండొచ్చు. ఓ బిడ్డకి 16 గ్రాములకి ఒక యూనిట్ అని డాక్టరు నిర్ణయించి ఉంటే ఈ ముక్కకి ఒక యూనిట్. మరో చిన్నబిడ్డకి అదే ముక్కకి అర యూనిట్ చాలొచ్చు. పక్కింటి బిడ్డ లెక్క మన బిడ్డకి వాడకూడదు.

భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ తీసుకునే పిల్లలకి ఈ సర్దుబాటు తేలిక. సాధారణంగా తినడానికి పది పదిహేను నిమిషాల ముందు ఇస్తారు. రోజుకి రెండుసార్లు కలిపి ఇచ్చే మిశ్రమ ఇన్సులిన్ వాడే పిల్లలు మన దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్లకి కేకు కోసం మోతాదు సొంతంగా పెంచకూడదు. అలాంటి ఇళ్లలో కేకు కోసే వేళని రాత్రి భోజనానికి దగ్గరగా జరుపుకొని, భోజనంలో ఒక పుల్కా తగ్గించి ఆ స్థానంలో కేకు ముక్క ఇవ్వొచ్చు. వారం ముందే డాక్టరుని అడిగి పెట్టుకుంటే ఆ సాయంత్రం కంగారుండదు.

కేకు కోసేముందు ఓసారి షుగరు చూడాలి. బాగా ఎక్కువగా ఉంటే పండగ ఆపేయాల్సిన పనిలేదు. కొవ్వొత్తులు ఊదనివ్వండి, కేకు కోయనివ్వండి. డాక్టరు చెప్పిన ప్రకారం సరిచేసి, పాప ముక్కని భోజనం దాకా దాచి ఉంచండి. ఈ కేకులో వెన్న, బాదం ఉన్నాయి కాబట్టి చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. రెండు గంటల తరువాత ఓసారి, పడుకోబోయే ముందు ఇంకోసారి చూడటం మంచిది. చేతికి సెన్సరు ఉన్న పిల్లలైతే ఫోన్లోనే తెలిసిపోతుంది.

గెంతులాటలో జాగ్రత్త

అందరి భయం చక్కెర పెరుగుతుందనే. నిజానికి పార్టీలో అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదం తగ్గిపోవడం. ముక్కకి సరిపడా ఇన్సులిన్ ఇచ్చాక పాప రెండు కొరుకులు తిని ఆటకి పరిగెత్తిందనుకోండి. ఇచ్చిన ఇన్సులిన్ దాని పని అది చేసుకుపోతుంది. దానికి గంటసేపు గెంతులూ తోడైతే చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, ఉన్నట్టుండి చిరాకు, నీరసం, తికమక మాటలు... ఇవి కనిపిస్తే వెంటనే మీటరు తీయాలి. అందుకే ముక్క మొత్తం తినేదాకా ఎవరో ఒక పెద్దవాళ్లు కనిపెట్టి ఉండాలి.

అలా పడిపోయినప్పుడు చాలామంది చేసే పొరబాటు 'తీపే కదా' అని కేకు ముక్క పెట్టడం. కేకులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు కావాల్సింది గ్లూకోజు నీళ్లు, లేదంటే పండ్లరసం. ఎంతివ్వాలో బిడ్డ బరువుని బట్టి డాక్టరు ముందే చెబుతారు. బడికెళ్లే పిల్లలకి సాధారణంగా 10 నుంచి 15 గ్రాముల గ్లూకోజు. పదిహేను నిమిషాలాగి మళ్లీ పరీక్ష. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. డాక్టరు రాసిచ్చిన గ్లూకగాన్ ఇంట్లో ఉంటే ఇచ్చి, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మిగతా ప్లేటు సంగతీ చూసుకోవాలి. కేకుని లెక్కపెట్టి, పక్కన చిప్సూ సమోసా కూల్‌డ్రింకూ పెట్టేస్తే పడ్డ శ్రమంతా వృథా. ఉడికించిన వేరుశనగలు, పన్నీరు ముక్కలు, కీరా, ఉప్పు మజ్జిగ... పిల్లలు ఆడి ఆడి వచ్చి ఇవి ఇష్టంగానే లాగిస్తారు. అవీ అందరికీ ఒకటే ఉండాలి.

బడిలో స్నేహితుల పుట్టినరోజులు కూడా ఉంటాయి. ఆ చాక్లెట్ అక్కడే పారేయమనో, తీసుకోవద్దనో చెప్పకుండా 'ఇంటికి తీసుకురా, భోజనంతో పాటు తిందువుగాని' అంటే పిల్ల దాచుకుని తింటుందన్న భయం ఉండదు. తిన్నానని చెబితే తిడతారని తెలిసిన పిల్లలే దాస్తారు. దాచి తిన్నదానికి ఇన్సులిన్ ఉండదు. టీచరుకి కూడా విషయం చెప్పి ఉంచాలి. పదీ పన్నెండు తరగతుల పరీక్షల్లో టైప్ 1 ఉన్న విద్యార్థులు చక్కెర బిళ్లలు, పండ్లు, చిరుతిండి వెంట తెచ్చుకోవడానికి సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతిచ్చింది. బోర్డు పరీక్షలో లేని సిగ్గు తరగతి గదిలో ఎందుకు?

ఎనిమిదో పుట్టినరోజు

చివరికి ఆ ఇంట్లో పుట్టినరోజు జరిగింది. ముందురోజు రాత్రి పెరుగు మూటకట్టింది నాయనమ్మే. త్రాసు దగ్గర కూర్చుంది పాప. అమ్మ పిండి పోస్తుంటే 'చాలు చాలు... 103 అయింది, కొంచెం తియ్' అంటూ అంకెలు చదివింది. లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో కూడికంతా తనే రాసింది. పన్నెండుతో భాగించడం రాకపోతే నాన్న సాయం పట్టాడు.

సాయంత్రం ఏడున్నరకి మీటరు 138 చూపించింది. లోపలి గదిలో సూది వేయించుకుని వచ్చి, పాప ఎనిమిది కొవ్వొత్తులూ ఊదేసింది. మొదటి ముక్క అమ్మకి, రెండోది నాన్నకి, మూడోది తమ్ముడికి. పక్కింటి ఆంటీ నాలుగో ముక్క చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. పోయినేడాది సంగతి గుర్తొచ్చినట్టుంది, నాయనమ్మ వైపు చూసింది.

'పెట్టమ్మా, ఫర్వాలేదు. దాని ముక్కకి లెక్క అయిపోయింది' అంది నాయనమ్మ.

రెండు గంటల తరువాత చూస్తే 172. రాత్రి పక్క మీద చేరాక పాప అడిగింది... 'అమ్మా, తమ్ముడి బర్త్‌డేకి కూడా ఇదే కేకు చేద్దామా?'